సారెతో వచ్చిన గని

పెళ్లయిన నాలుగో నెలలో నేను గని యజమానురాలినయ్యాను. మా వంశంలో ఇదివరకు ఎవరికీ గనులు లేవు. నాన్న బడిపంతులు, తాత బట్టల కొట్లో గుమస్తా. నా గని పొడవు ఆరడుగులు, వెడల్పు మూడడుగులు, లోతు మోచేతి వరకు. మా పెరట్లో స్నానాలగదికీ వంగమొక్కకీ మధ్య ఉంది. దానికి ప్రభుత్వం వారు ఇచ్చిన నంబరు కూడా ఉంది. మా ఆయన పేరు పైకి చెప్పాలంటే ఇంకా సిగ్గేస్తుంది గానీ, గని నంబరు మాత్రం ఎప్పుడు అడిగినా గడగడా చెప్పేస్తాను.

ఇదంతా సారెతో మొదలైంది.

అత్తారింటికి వెళ్లే పిల్లతో పుట్టింటివాళ్లు సారె పంపడం, అత్తగారు దాన్ని వీధివీధంతా పంచి పెట్టడం మా వైపు మామూలే. అరిసెలు, లడ్డూలు, చలిమిడి, ఇత్తడి సామాను అన్నీ సర్దాక మా అమ్మ, "ఇంకేం కావాలే హైమా?" అని అడిగింది. "నా ఎర్రల తొట్టి" అన్నాను. నేను డిగ్రీలో జంతుశాస్త్రం చదివాను. రెండో ఏడాదిలో ప్రయోగశాల నుంచి తెచ్చుకున్న వానపాములు, వాటి పిల్లలు, మనవలు ఆ తొట్టిలో ఉన్నాయి. వాటిని వదిలి వెళ్లడానికి నాకు మనసొప్పలేదు. అమ్మ నెత్తి కొట్టుకుని, తొట్టికి పసుపు బొట్లు పెట్టి, లారీ ఎక్కించింది.

మా ఆయన మస్తాన్‌రావుకు తెల్లగుట్టలో ఉద్యోగం. ఊరి చుట్టూ సున్నపురాయి గుట్టలే. ఆకులు కూడా తెల్లగా ఉంటాయి. ఆయన అక్కడి జిల్లా ఖనిజ పర్యవేక్షణ కార్యాలయంలో గనుల పటాలు గీస్తారు. కాపురం పెట్టించడానికి వచ్చిన మా అత్తగారు రమణమ్మ గారు, సారె పంచడానికి పళ్లేలు పరిచి, ఒక్కో మూతా తీస్తూ చివరి తొట్టి దగ్గరికొచ్చారు. నల్లగా పొడిపొడిగా ఉన్నది చూసి గరిటె ముంచారు.

"అమ్మాయ్ హైమా! మీ అమ్మ పంపిన నువ్వులపొడి కదులుతా ఉందేంటే?"

నేను పరుగెత్తుకొచ్చేసరికి ఎదురింటి వాళ్ల పళ్లెంలో అరిసె పక్కన ఒక గరిటెడు పడింది. అత్తగారి కేకకు మా ఆయన కూడా వచ్చారు. పళ్లెంలోంచి ఒక ఎర్రను వేలిమీదికి తీసుకున్నారు. అది ఆయన వేలికి ఉంగరంలా చుట్టుకుంది.

"చల్లగా ఉంది" అన్నారు.

ఈ పెళ్లి బాగానే కుదిరిందని నాకు ఆ క్షణాన నమ్మకం కలిగింది. ఆ ఆదివారం ఆయనే ఇటుకలు తెచ్చి, స్కేలు పెట్టి కొలిచి, పెరట్లో గుంట కట్టారు. పేడ, ఎండాకులు వేసి, పైన తడి గోనె కప్పాం. నెల తిరిగేసరికి ఆ ఎరువు తిన్న వంగమొక్క మొదటి పువ్వు పూసింది. ఊదారంగు పువ్వు. మేమిద్దరం కాఫీ గ్లాసులతో దాని ముందు కూర్చుని, సినిమా చూసినట్టు చూశాం.

అంత సంతోషంలో ఉన్నదాన్ని కదా, నోరు అదుపులో ఉండలేదు. నేను చేసిన తప్పు అదొక్కటే.

ఒకరోజు మా ఆయన తమ జిల్లా అధికారి వైకుంఠరావు గారిని భోజనానికి పిలిచారు. నేను టమాటా పప్పు వడ్డించబోతే ఆయన ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టారు.

"వద్దమ్మా. ఎడమ కిడ్నీలో రాయుంది. తొమ్మిది మిల్లీమీటర్లు." పిల్లల ర్యాంకులు చెప్పుకునేవాళ్ల గొంతుతో చెప్పారు. "ఉలవకట్టు తాగా, అరటి దవ్వ రసం తాగా. కదల్లేదు. స్కానింగు చేసిన డాక్టరే ఆశ్చర్యపోయాడు."

మేమూ తగినంత ఆశ్చర్యపోయాం. భోజనం చివర్లో ఆయన పెరటి తలుపులోంచి గోనెపట్టా చూసి అదేమిటని అడిగారు. అంతే, నాలోని జంతుశాస్త్రం తన్నుకొచ్చింది.

"వానపాములు సార్! ఒక్కోదానికి వంద ఉంగరాలు పక్కపక్కన గుచ్చినట్టుంటాయి. వాటి గొంతు దగ్గర సున్నపు గ్రంథులు కూడా ఉంటాయి. అందులో ఇసక రేణువుల్లాంటి చిన్న చిన్న కాల్సైట్ గింజలు తయారుచేసి మట్టిలో వదిలిపెడతాయి. అవీ, మన గుట్టలో సున్నపురాయీ ఒకటే ఖనిజం సార్. మనం కొండలు పగలగొడుతున్నాం, అవి చప్పుడు లేకుండా కడుపులో చేసుకుంటున్నాయి!"

'కొన్ని జాతుల్లో' అనే ముక్క చెప్పడం మరిచిపోయాను. మా ఎర్రలు ఆ జాతివో కాదో నేను ఏనాడూ పరీక్షించలేదు.

వైకుంఠరావు గారి చెయ్యి పెరుగన్నంలో ఆగిపోయింది.

"ఏం తయారు చేస్తాయన్నావమ్మా?"

"కాల్సైట్ సార్."

"మన కార్యాలయానికి చెప్పకుండానా?"

ఆయన నవ్వుతారేమోనని చూశాను. నవ్వలేదు. ఏడాదికి రెండు కొత్త నిక్షేపాలు కనిపెట్టాలని పైనుంచి ఆయనకు లక్ష్యం ఉందనీ, గుట్టంతా ఎప్పుడో లీజులకు పోయిందనీ మా ఆయన తర్వాత చెప్పారు.

మూడో రోజు సాయంత్రం మా ఆయన ఇంటికి వస్తూనే సంచిలోంచి ఒక కవరు తీశారు. ఎటూ ఇంటికే వెళ్తున్నారు గనక నోటీసు ఆయన చేతికే ఇచ్చారట.

"ఇక్కడ సంతకం పెట్టు."

"కాఫీ తాగాక పెట్టించుకోకూడదూ?"

"ముందు సంతకం హైమా. డ్యూటీలో ఉండగా కాఫీ తాగకూడదు."

సంతకం పెట్టాను. డ్యూటీ అయిపోయింది. కాఫీ తాగుతూ ఇద్దరం చదువుకున్నాం.

"మీ అధీనమందలి పెరటియందు, సక్రమమైన అనుమతి పొందకయే, ఖనిజోత్పత్తి జరుగుచున్నట్లు ఈ కార్యాలయము దృష్టికి వచ్చియున్నది. ఏ జీవి శరీరమందు ఖనిజము ఉత్పత్తియగునో అట్టి జీవి గనిగా పరిగణింపబడును. కావున తమరు ఏడవ నమూనా దరఖాస్తు సమర్పించి, అనుమతి లభించువరకు గని కార్యకలాపములను నిలుపుదల చేయవలసినదిగా ఇందుమూలముగా ఆదేశించడమైనది."

"నిలుపుదల అంటే ఏంటండీ? తినొద్దని వాటికి చెప్పాలా?"

"చెప్పినట్టు రాసి పంపితే చాలనుకుంటా" అన్నారు మా ఆయన.

మర్నాడు పటం గీయమని ఆయనకే పని పడింది. నియమం ప్రకారం గనిని బ్లాకులుగా విడగొట్టాలి. ఒక్కో వానపాముకు వంద ఉంగరాలున్నాయని గని యజమానురాలే ఒప్పుకున్నది గనక ఉంగరానికో బ్లాకు అని వైకుంఠరావు గారు తేల్చారు. మా ఆయన భూతద్దం పట్టుకుని ఒక ఎర్రను తెల్ల కాగితం మీద పెట్టి లెక్కపెట్టడం మొదలెట్టారు. నలభై మూడో బ్లాకు దగ్గరికి రాగానే గని ముడుచుకుంది. మళ్లీ మొదట్నుంచి లెక్క. ఈసారి అరవై దాటాక గని కాగితం దిగి బల్ల అంచుకు పోయింది.

"గని లీజు హద్దులు దాటుచున్నది" అని ఆయన నిజాయితీగా పటం కింద రాశారు. అది చదివి వైకుంఠరావు గారు మండిపడ్డారట. ముప్పై ఏళ్ల సర్వీసులో హద్దుల్ని మార్చిన గనులను చూశారు గానీ, తనే లేచి వెళ్లిపోయే గనిని చూడలేదట. ఫలితంగా వారం తిరక్కుండానే సీలు వేయడానికి మనుషులు వచ్చారు.

మనుషులంటే వైకుంఠరావు గారు, లక్క కరిగించే గరిటెతో అటెండరు సుభానీ గారు. సుభానీ గారిది యాభై దాటిన వయసు. క్రషర్లకు, లారీలకు, పెద్ద పెద్ద తూకాలకు సీళ్లు వేసిన చెయ్యి. గుంట చుట్టూ తాడు కట్టి, గోనె నాలుగు మూలలా లక్క ముద్రలు వేసి, నా వంక చూడలేక వంగమొక్క వంక చూశారు.

"పువ్వు బాగుందమ్మా" అన్నారు మెల్లగా.

మే నెల. తెల్లగుట్టలో మధ్యాహ్నం పూట గోడ ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. వానపాములు చర్మంతో గాలి పీలుస్తాయి. ఆ చర్మం తడిగా ఉండాలి. సీలు వేసిన గోనె మీద నీళ్లు పోస్తే గని కార్యకలాపాలు కొనసాగించినట్టేనని హెచ్చరించి వెళ్లారు అధికారి గారు. సాయంత్రానికి గోనె అప్పడంలా బిగుసుకుంది. నేను గుమ్మంలో కూర్చుని ఏడ్చాను. సారెలో వచ్చిన లడ్డూలు అయిపోయాయి, అరిసెలు అయిపోయాయి, ఇత్తడి సామాను అటక ఎక్కింది. పుట్టింటి నుంచి వచ్చినవాటిలో ప్రాణంతో మిగిలినవి అవే.

మా ఆయన ఆఫీసు నుంచి వచ్చారు. చొక్కా విప్పకుండానే కూర్చుని ఒక లావుపాటి నియమావళి ముందేసుకున్నారు. గంటన్నర తర్వాత నన్ను పిలిచారు. ఆ గొంతు వింటే వంగపువ్వు పూసిన రోజు గుర్తొచ్చింది.

"ఇది చదువు."

"మూసివేయబడిన గనులయందు సైతము, దుమ్ము లేవకుండునట్లు దినమునకు రెండు పర్యాయములు తప్పనిసరిగా నీరు చల్లవలెను."

"అంటే..."

"తప్పనిసరిగా అని ఉంది. చల్లకపోతే మన మీద చర్య తీసుకుంటారు. కింద ఇంకోటుంది చూడు. గనిలో ఏర్పడిన గోతులు ఎప్పటికప్పుడు తగిన పదార్థంతో పూడ్చాలి. ఏ పదార్థమో రాయలేదు."

"పేడ?"

"తగిన పదార్థమే కదా."

కొత్త మొగుళ్లు పెళ్లాలకు మల్లెపూలు తెస్తారు, చీరలు తెస్తారు. నాకు మా ఆయన ఒక నియమం తెచ్చారు. అంతకంటే మంచి కానుక ఎవరైనా తెచ్చి ఉంటే నాకు చెప్పండి.

మర్నాటి నుంచి ఉదయం ఆఫీసుకు వెళ్లే ముందు ఆయన, సాయంత్రం నేను, దుమ్ము అణచడం మొదలెట్టాం. గోనె మీద చెంబుతో చల్లుతుంటే నీళ్లు లక్క ముద్రలను ఏమీ చెయ్యకుండా లోపలికి ఇంకిపోయేవి. ముద్రలు లేని అంచుల కింద నుంచి తగిన పదార్థం లోపలికి తోసేవాళ్లం. వైకుంఠరావు గారు తనిఖీకి వచ్చి, తడి గోనె చూసి మొదట కోపగించుకుని, నియమం చూపించాక చాలా సంతోషించారు.

"జిల్లాలో నూటపాతిక గనులున్నాయి. ఒక్కడూ నీళ్లు చల్లడు. ఆదర్శ గని అమ్మా మీది!" అన్నారు. ఆ మాట పై కార్యాలయానికి రాశారు కూడా.

అదే కొంప ముంచింది. ఆదర్శ గనిని చూడటానికి రాజధాని నుంచి ఇద్దరు సభ్యుల కమిటీ బయల్దేరింది. ఒకరు భద్రతాధికారి, ఇంకొకరు కార్మికాధికారి. వైకుంఠరావు గారూ, సుభానీ గారూ, నియమావళితో మా ఆయనా వెంట రాగా, ఇద్దరూ పసుపు హెల్మెట్లు పెట్టుకుని, పడగ్గది దాటి, వంటింట్లోంచి పెరట్లోకి వచ్చారు. మా అత్తగారు ఆ వారం మళ్లీ వచ్చి ఉన్నారు. వాళ్లను చూసి నా చెవిలో అన్నారు:

"ఎర్రలకి ఇంత పెద్ద పెళ్లివారా?"

భద్రతాధికారి సుభానీ గారితో ఒక మూల ముద్ర తీయించి, గోనె కింద నుంచి ఒక ఎర్రను బయటికి తీయించారు.

"భూగర్భంలో పనిచేసేవాళ్లకు శిరస్త్రాణం తప్పనిసరి. దీని తల ఎటువైపమ్మా?"

"చూడ్డానికి రెండువైపులా ఒకేలా ఉంటుంది సార్."

"అయితే రెండు" అని రాసుకున్నారు.

కార్మికాధికారి నేను నింపి పంపిన ఏడవ నమూనా దరఖాస్తు తిరగేస్తున్నారు. పదకొండో గడి దగ్గర ఆగారు. "స్త్రీయా, పురుషుడా అన్నచోట రెండూ అని రాశారే? కొట్టివేతలు ఉండకూడదు."

"కొట్టివేయలేదు సార్. వానపాము ఒక్కటే ఆడా మగా రెండూను."

ఆయన చాలాసేపు ఆలోచించారు. కమిటీ మొత్తం ఆయన ఆలోచన పూర్తయ్యేదాకా ఎండలో నిలబడింది.

"సాయంత్రం ఏడు దాటాక స్త్రీలు భూగర్భంలో ఉండరాదు" అన్నారు చివరికి. "కాబట్టి పగలు పురుషులుగా లోపల పనిచేయవచ్చు. చీకటి పడ్డాక స్త్రీలుగా పైకి రావాలి."

"అవి చీకటి పడ్డాకే పైకొస్తాయి సార్."

"చూశారా!" అంటూ ఆయన వైకుంఠరావు గారి వైపు తిరిగారు. "చట్టం తెలిసిన కార్మికులు. మన పెద్ద గనుల్లో ఈ క్రమశిక్షణ ఏదండీ?"

అంతవరకు నాకు నవ్వు ఆపుకోవడమే కష్టంగా ఉంది. ఆ తర్వాత ఏడుపు ఆపుకోవాల్సి వచ్చింది. వైకుంఠరావు గారు గొంతు సవరించుకుని అసలు విషయంలోకి వచ్చారు.

"అనుమతి ఇవ్వడానికి ముందు నిక్షేపం పరిమాణం తేలాలి. జీవగనుల విషయంలో పద్ధతి నేనే రూపొందించా. గనిని సమూలంగా సేకరించి, ఎండలో ఆరబెట్టి, పొడిచేసి, ప్రయోగశాలకు పంపడం. సోమవారం నాడు సుభానీ గోనెసంచితో వస్తాడు."

"మొత్తం అన్నిటినీనా సార్?" అన్నాను.

"అంచనా అన్నాక సమగ్రంగా ఉండాలి కదమ్మా. ఫలితాన్ని బట్టి మీకు అనుమతి వచ్చేస్తుంది. ఇరవై ఏళ్లకు!"

"పొడి చేశాక అనుమతి దేనికి సార్?"

"గనికి" అన్నారు ఆయన ఓపిగ్గా.

మా ఆయన ముఖం పాలిపోయింది. కిందివాడు పైవాళ్ల ముందు మాట్లాడకూడదు. ఆయన నియమావళిని ఛాతీకి ఆనించుకుని, నా వైపు కాకుండా, కార్మికాధికారి నా చేతికి తిరిగిచ్చిన దరఖాస్తు వైపు అదేపనిగా చూస్తున్నారు. ఎందుకు చూస్తున్నారా అని నేనూ చూశాను. పద్నాలుగో గడి ఖాళీగా ఉంది. "మీ ఎరుకలోగల ఇతర నిక్షేపముల వివరములు. దాచినయెడల శిక్షార్హులు."

"సార్, ఒక గడి నింపలేదు. ఇప్పుడు నింపనా?"

"నింపు, నింపు. అసంపూర్తి దరఖాస్తు చెల్లదు."

స్నానాలగది గట్టు మీద కాగితం పెట్టి, మా ఆయన పటాల పెన్నుతో గుండ్రంగా రాసి భద్రతాధికారి గారికి ఇచ్చాను. ఆయన పైకి చదివారు.

"శ్రీ వైకుంఠరావు గారి ఎడమ కిడ్నీ. తొమ్మిది మిల్లీమీటర్లు. మా ఇంట భోజన సమయమున శ్రీవారే స్వయముగా వెల్లడించిరి. స్కానింగు నివేదిక వారివద్ద కలదు."

కార్మికాధికారి కాగితంలోకి తొంగి చూశారు.

"ఇదేంటమ్మాయ్!" అన్నారు వైకుంఠరావు గారు.

"దాస్తే శిక్ష అని ఉంది సార్. భయమేసింది."

"కిడ్నీ రాయి ఖనిజమేనా?" అని అడిగారు కార్మికాధికారి.

"సాధారణంగా కాల్షియం లవణమే సార్" అన్నాను. "శరీరంలోనే తయారవుతుంది."

భద్రతాధికారి నోటీసు నకలు తీసి కళ్లజోడు సవరించుకున్నారు. "ఏ జీవి శరీరమందు ఖనిజము ఉత్పత్తియగునో అట్టి జీవి గనిగా పరిగణింపబడును. ఇది మీ సంతకమేనా వైకుంఠరావు గారూ?"

"నాదే. కానీ జీవి అంటే..."

"మీరు జీవి కారా?"

ఆయన తలవంచి తన పొట్ట వంక చూసుకున్నారు. ముప్పై ఏళ్ల సర్వీసులో ఆ ప్రశ్న ఎవరూ వేసి ఉండరు.

"ఇన్నాళ్లూ అనుమతి ఉందా?" భద్రతాధికారి గొంతులో ఇప్పుడు ఉద్యోగం మాట్లాడుతోంది. "ఉలవకట్టు తాగుతున్నానని అన్నారే కారులో. అంటే అనుమతి లేకుండా వెలికితీతకు ప్రయత్నించారన్నమాట."

"నిక్షేపాలను పరిమాణం వరసలో అంచనా వేయాలని నియమం" అన్నారు కార్మికాధికారి. "ఇసక రేణువంత గింజ కంటే తొమ్మిది మిల్లీమీటర్ల రాయి పెద్దది. వానపాముల కంటే ముందు మీదే రావాలి. పద్ధతి ఒకటే కదా? సమూలంగా సేకరించి, ఎండలో ఆరబెట్టి..."

సుభానీ గారు గుంట మీది గోనెనూ, వైకుంఠరావు గారి భారీ కాయాన్నీ ఒకసారి మార్చి మార్చి చూశారు.

"సంచి చాలదేమో సార్" అన్నారు వినయంగా.

వైకుంఠరావు గారు స్నానాలగది గట్టు మీద కూర్చుండిపోయారు. మా అత్తగారు ఆయనకు చెంబుతో మంచినీళ్లు తెచ్చిచ్చి, "తాగు నాయనా. దుమ్ము అణుగుద్ది" అన్నారు.

నీళ్లు తాగాక ఆయన మా ఆయన వంక చేయి చాచారు. "మస్తాన్‌రావ్! సొంత వాడకం గురించి ఏదో ఉండాలే?"

మా ఆయన వేలు అప్పటికే ఆ పేజీలో ఉంది. "నూటపన్నెండో పేజీ సార్. అమ్మకమునకు గాక, ఉత్పత్తియైన చోటనే స్వంత వినియోగము నిమిత్తము ఉంచుకొను ఖనిజమునకు అనుమతి అవసరము లేదు."

"అదీ!" వైకుంఠరావు గారు లేచి నిలబడ్డారు. "నాది పూర్తిగా స్వంత వినియోగం. అమ్మే ఉద్దేశం నాకు ఏ కోశానా లేదు."

"వానపాములదీ అంతే సార్" అన్నాను.

ఆయన నా వంక చూశారు. తర్వాత ఎడమ పక్క నడుము మీద చెయ్యి వేసుకుని, అక్కడికక్కడే ఉత్తర్వు చెప్పి రాయించారు. జీవుల శరీరములందలి ఖనిజము స్వంత వినియోగమునకై ఉద్దేశింపబడినదిగా భావించి, ఇందుకు సంబంధించిన సమస్త చర్యలు ఉపసంహరించుకొనడమైనది. ముగ్గురూ సంతకాలు పెట్టారు. సుభానీ గారు మిగిలిన మూడు ముద్రలు పగలగొట్టి, ఆ లక్క ముక్కలు జేబులో వేసుకుని, వంగమొక్కకేసి చూశారు. పువ్వు రాలి, ఆ చోట గోలీ అంత కాయ ఉంది.

హెల్మెట్లన్నీ వెళ్లిపోయాక మేమిద్దరం గోనె ఎత్తాం. చేతులు పెట్టాలంటే భయమేసింది. ఆయనే ముందు వేళ్లతో మట్టిని కదిపారు. చల్లగా, నల్లగా, తడిగా ఉంది. ఒక ఎర్ర మెల్లగా ఉంగరం ఉంగరంగా సాగి, ఆయన వేలికి చుట్టుకుంది. దాని వెనకే ఇంకోటి. కింద పెద్ద ముద్దగా అన్నీ ఉన్నాయి. రోజూ రెండుసార్లు నీళ్లు, గోతుల్లో తగిన పదార్థం అంది, సీలు కింద అవి మునుపటికంటే బలిశాయి.

"ఇవేంటి హైమా?" ఆయన అరచేతిలో ఆవగింజ కంటే కాస్త పెద్దవి, నిమ్మకాయ ఆకారంలో, తేనెరంగులో పదో పన్నెండో గింజలు ఉన్నాయి. "ఖనిజం గింజలంటే ఇవేనా?"

నేను ఒకటి వెలుతురుకు పట్టి చూశాను. లోపల దారప్పోగులాంటిది కదులుతోంది.

"కాదండీ. గుడ్లు. నాలుగు వారాల్లో పిల్లలొస్తాయి."

ఆయన ముఖం ముందు వెలిగింది. ఆ వెంటనే కంగారుగా గోడవైపు చూసి, గింజలన్నిటినీ మట్టిలో పెట్టి, గోనె గబగబా కప్పేశారు.

"ఎవరికీ చెప్పకు" అన్నారు గుసగుసగా. "గనిలో పసిపిల్లలున్నారని తెలిస్తే కార్మికాధికారి మళ్లీ వస్తాడు."